సుగ్గి మీద రాసిన వ్యాసం ఏ పత్రికలోనూ ఇమడటం లేదు, ఎక్కడికి పంపమంటారు?

చిగురు_గుంటూరు
జులై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను గానీ నేనుగా మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకోండి.

నేను గుంటూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మన మిరప కోతలకు వచ్చే కుటుంబాల మీద నా పని. సంక్రాంతి దాటాక వస్తారు, ఉగాది దగ్గర పడేదాకా ఇక్కడే ఉంటారు. వాళ్లు దీన్ని వలస అనరు, ‘సుగ్గి’ అంటారు. సత్తెనపల్లి రోడ్డు మీద ఒక ఊరి పొలిమేరలో టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉన్న వాళ్ల దగ్గరికి రెండు సీజన్లు వెళ్లి కూర్చున్నాను.

అక్కడ ఒక పాప ఉంది. ఐదో తరగతి మధ్యలో ఆపి అమ్మానాన్నలతో వచ్చేసింది. బియ్యం సంచిలో లెక్కల నోటుబుక్కు పెట్టుకుని తెచ్చుకుంది. ముందు నుంచి తెరిస్తే బళ్లో చేసిన భిన్నాలు, టీచరు ఎర్రసిరాతో పెట్టిన టిక్కులు. తిరగేసి వెనక నుంచి తెరిస్తే రోజువారీ లెక్క: తేదీ, వాళ్లమ్మ నింపిన గోతాలు, మేస్త్రీ చెప్పిన కిలోలు. అమ్మకు చదువు రాదు, అందుకని ఈ పిల్లే రాస్తుంది. మార్చి మొదటి వారంలో గోతాలు అన్నే ఉన్నాయి, కిలోలు మాత్రం తగ్గాయి. ఆ అంకెల చుట్టూ పెన్సిల్‌తో ఎంత గట్టిగా సున్నా చుట్టిందంటే కాగితం చిరిగింది.

ఆ నోటుబుక్కు చుట్టూనే వ్యాసం రాశాను. కూలి లెక్క ఒక భాగం, ‘సుగ్గి’ అనే మాట, కోతల్లో పాడుకునే పాటలు ఒక భాగం, బడి మానేసిన పిల్లల సంగతి ఒక భాగం. మూడూ కలిపితేనే ఆ మూడు నెలల్లో ఆ ఇంటికి ఏం జరుగుతోందో తెలుస్తుందని నా నమ్మకం.

ఆర్థికశాస్త్ర పత్రిక ఒకటి ‘శాంపిల్ చాలదు, ఇది సాహిత్య వ్యాసంలా ఉంది’ అని వెనక్కి పంపింది. తెలుగు పరిశోధన పత్రిక ఒకటి ‘పట్టికలు ఎక్కువున్నాయి, మా పరిధిలోకి రాదు’ అంది. మూడోది మాత్రం పంపిన రెండో రోజే ‘అంగీకరించాం, ఫీజు కట్టండి’ అని మెయిల్ పెట్టింది. చదివారో లేదో కూడా తెలియదు. మా గైడ్ గారు మంచివారే, కానీ ‘మూడు ముక్కలు చేసి మూడు చోట్లకు పంపమ్మా, పని అయిపోతుంది’ అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. టెన్షన్‌తో నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. ఏం చేయమంటారు?

బెంజిసర్కిల్_ప్రయాణి
జులై 6, రాత్రి 10:15

అమ్మా, నా అనుభవం చెప్తాను. నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్తున్నాను. ప్రమోషన్‌కు పేపర్లు కావాల్సి వచ్చినప్పుడు ఫీజు కట్టి రెండు వేయించుకున్నాను. వారంలో సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చింది, ఫైల్లో పెట్టాను, పని జరిగింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌గా నేరుగా తీసుకోవాలంటే కనీసం 7 ప్రచురణలు, ప్రొఫెసర్‌కు 10 ఉండాలి. వారానికి 16 గంటలు క్లాసులు చెప్పుకుంటూ అన్ని మంచి వ్యాసాలు రాయడం ఎంతమందికి సాధ్యం? నీ బతుకుతెరువు ముందు చూసుకో. మంచి పత్రిక సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు.

అరలమధ్య
జులై 7, ఉదయం 6:50

బెంజిసర్కిల్ గారూ, మీ ఇబ్బంది నాకు అర్థమైంది, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ ఈ అమ్మాయికి మాత్రం ఆ దారి చెప్పకండి. నేను గుంటూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పాతికేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ రెండు రోజుల అంగీకారాలు ఆ తర్వాత ఏమవుతాయో కళ్లారా చూశాను.

యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికల్ని ఒక్కసారిగా తీసేసింది. వాటిలో వ్యాసాలు వేసుకున్న మా లెక్చరర్లు ఎంతోమంది ఇంటర్వ్యూల్లో తలదించుకోవాల్సి వచ్చింది. తర్వాత 2019లో యూజీసీదే ‘కేర్’ అనే కొత్త పత్రికల జాబితా వచ్చింది. దాన్నీ 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇప్పుడు పత్రిక మంచిదో కాదో తేల్చుకునే బాధ్యత విశ్వవిద్యాలయాల మీద, రాసేవాళ్ల మీద పెట్టారు. జాబితా చూపించి తప్పించుకునే వీల్లేదు. రేపు సెలక్షన్ కమిటీలో కూర్చున్నవాళ్లు పత్రిక తెరిచి చూస్తారు.

ఇంకొకటి. మీ విశ్వవిద్యాలయం రూలు ఏమిటో ముందు కనుక్కో తల్లీ. థీసిస్ ఇచ్చేముందు ప్రచురణ ఉండి తీరాలన్న షరతును యూజీసీ 2022 నవంబర్ నిబంధనల్లో తీసేసింది. కొన్ని విశ్వవిద్యాలయాలు తమంతట తాము ఉంచుకున్నాయి. మీ దగ్గర లేకపోతే ఇంత తొందర పడాల్సిన పనే లేదు.

చాలామంది ఐఎస్‌ఎస్‌ఎన్ నెంబరు చూసి మోసపోతారు. అది 8 అంకెల గుర్తింపు సంఖ్య, అంతే. ఢిల్లీలోని జాతీయ కేంద్రం డబ్బు తీసుకోకుండానే ఇస్తుంది. ఒక ధారావాహిక ప్రచురణ ఉందని చెబుతుంది తప్ప, అది మంచిదని చెప్పదు. బండికి నెంబరు ప్లేటు ఉన్నంత మాత్రాన బ్రేకులు బాగున్నట్టు కాదు కదా.

నేను మా పిల్లలకు చెప్పేది చాలా చిన్న పద్ధతి. ఆ పత్రిక పాత సంచికలు రెండు తీసి, మీ విషయానికి దగ్గరగా ఉన్న వ్యాసం ఒకటి పూర్తిగా చదవండి. అందులో తప్పులు మీకే కనపడుతున్నాయంటే అక్కడ చదివి సరిదిద్దేవాళ్లు లేరని అర్థం. తర్వాత సంపాదకవర్గంలో ఉన్న ఒక ప్రొఫెసర్ పేరు పట్టుకుని, వారి విశ్వవిద్యాలయం పేజీలో ఆ పత్రిక ప్రస్తావన ఉందేమో చూడండి. పేరు వాడుకున్నట్టు వాళ్లకే తెలియని సందర్భాలు ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. సంపాదకుల పేర్లు, పీర్ రివ్యూ (అదే రంగంలోని వేరేవాళ్లు వ్యాసం చదివి సమీక్షించడం) గురించి అబద్ధాలు చెప్పారన్నదే అక్కడి అభియోగాల్లో ముఖ్యమైనది. ఇది మన గుమ్మం పక్కన జరిగిన విషయం.

ఫీజు అడిగిన ప్రతి పత్రికా దొంగది కాదు, అదీ గుర్తుంచుకో. ఉచితంగా చదవనిచ్చే పత్రికలు కొన్ని ఖర్చుల కోసం రాసినవాళ్ల దగ్గర తీసుకుంటాయి. కానీ సామాజిక శాస్త్రాల్లో, సాహిత్యంలో రాసినవాళ్ల దగ్గరా చదివేవాళ్ల దగ్గరా పైసా తీసుకోని మంచి పత్రికలు చాలానే ఉన్నాయి. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓపెన్ యాక్సెస్ పత్రికల డైరెక్టరీలో ‘ఫీజు లేనివి’ అని ఎంచుకుని వెతకవచ్చు. లైబ్రరీకి రా, పక్కన కూర్చుని చూపిస్తాను.

నిర్వాహకులు
జులై 7, ఉదయం 8:05

సభ్యులకు మనవి: మీకు ఇబ్బంది కలిగించిన పత్రికల పేర్లు, సంపాదకుల పేర్లు ఇక్కడ రాయవద్దు. జరిగింది మాత్రం చెప్పండి.

లెక్కలపంతులు
జులై 7, సాయంత్రం 7:30

చిగురు గారూ, నేను ఆర్థికశాస్త్రం వాణ్ణి. మీ నోటుబుక్కు సంగతి చదివాక లేచి బాల్కనీలో కాసేపు తిరిగి మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఇంత మంచి ఆధారం నా సర్వీసులో నాకు దొరకలేదు. అందుకే మొహమాటం లేకుండా చెప్తాను.

గోతాలు అన్నే ఉండి కిలోలు తగ్గాయంటే వెంటనే తూకంలో మోసం అనిపిస్తుంది. పాపకూ అలాగే అనిపించింది. కానీ మిరపలో తొలి కోతల కాయ బరువుగా ఉంటుంది. కోత మీద కోత అయ్యేకొద్దీ కాయ చిన్నదవుతుంది, ఎండ ముదిరితే చెట్టు మీదే ఆరిపోయి తేలికవుతుంది, తాలు కూడా పెరుగుతుంది. మార్చిలో గోతం బరువు తగ్గడానికి అది కూడా కారణం కావచ్చు. మోసమూ ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. మీరు వ్యాసంలో ఏం రాశారో నాకు తెలియదు. ఈ సంగతి చర్చించకుండా ‘మోసం’ అని రాసి ఉంటే మాత్రం సమీక్షకుడు అక్కడే పట్టుకుంటాడు. అదే కోతలో పక్క చేలో ఒకట్రెండు కుటుంబాల గోతం బరువు తెలిస్తే విడదీసి చెప్పవచ్చు. వచ్చే సీజన్‌లో ఒక చేతి కాటా తీసుకెళ్లండి.

శాంపిల్ చాలదన్నారు కదా. ఒక నోటుబుక్కును శాంపిల్‌గా చూపిస్తే చాలదు, నిజమే. దాన్ని అలా చూపించకండి. సర్వేలో పట్టుబడని విషయం ఒకటి ఇందులో పట్టుబడింది అని చూపించండి. సర్వేలో కూలి ఎంత అని ఒక్కసారి అడుగుతాం, వాళ్లు సగటున ఒక అంకె చెప్తారు. ఈ నోటుబుక్కులో కూలి రోజురోజుకూ ఎలా ఎక్కి దిగిందో ఉంది.

జనాభా లెక్కల సంగతి వ్యాసంలో ఉందా? 2011లో ఇంటింటికీ తిరిగి లెక్క రాసింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. సరిగ్గా వీళ్లు ఊళ్లకు తాళాలు వేసి మన చేలల్లో ఉండే రోజులు. రాబోయే లెక్కకు కూడా మార్చి 1, 2027నే ఆధార తేదీగా పెట్టారు. అలాగే 1979లో వచ్చి 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కూడా రాష్ట్రం సరిహద్దు దాటినవాళ్ల కోసం చేసిందే. కర్నూలు జిల్లా నుంచి గుంటూరుకు వచ్చినవాళ్లు వందల కిలోమీటర్లు వచ్చినా సరిహద్దు దాటరు. మీ వ్యాసానికి బలమైన మొదటి పేజీ ఇదే.

ఇంకో చిన్న జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. సత్తెనపల్లి ఇప్పుడు పల్నాడులో ఉంది. పాత గుంటూరు జిల్లా అంకెలు, కొత్తవి ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి ఉంటే వెంటనే విడదీయండి.

చిగురు_గుంటూరు
జులై 7, రాత్రి 11:20

పంతులు గారూ, తలవంచి నమస్కారం. ‘మోసం’ అనే రాశాను. పాప కళ్లలోంచి చూసి రాశాను, చెట్టు వైపు నుంచి చూడలేదు. మా ఇంట్లో మూడు తరాలుగా మిరప వేస్తున్నారు, ఈ మాట మా నాన్నను అడిగినా చెప్పేవాడు. రేపే అడుగుతాను.

మీతో కలిసి రాయవచ్చా? ఆర్థిక భాగం మీరు చూస్తే...

లెక్కలపంతులు
జులై 8, ఉదయం 7:00

సంతోషంగా చూస్తానమ్మా, కానీ పేరు పెట్టొద్దు. కారణం చెప్తాను. 2018 నిబంధనల పట్టికలో భాషలు, సామాజిక శాస్త్రాల వ్యాసానికి 10 పాయింట్లు. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి అందులో 70 శాతం. ఇద్దరి కంటే ఎక్కువైతే ముఖ్య రచయితకు 70, మిగతావాళ్లకు తలా 30. అంటే తెలుగు, ఆర్థికశాస్త్రం, విద్య ముగ్గురూ కూర్చుని ఒక మంచి పని చేస్తే ఇద్దరికి దక్కేది మూడేసి పాయింట్లు. ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా రాసుకుంటే పదేసి. కలిసి పనిచేయండి అని ప్రతి సెమినార్‌లో చెప్తారు, లెక్క మాత్రం విడివిడిగా పనిచేసేవాళ్లకే అనుకూలంగా ఉంది. నాకు ఆ పాయింట్లు అవసరం లేదు, నీకు కావాలి. కృతజ్ఞతల్లో ఒక లైను రాస్తే చాలు.

కొండవీటి_గాలి
జులై 8, మధ్యాహ్నం 2:10

తెలుగు చెప్పుకునేవాణ్ణి. ‘సుగ్గి’ అనే మాట దగ్గర ఆగాను.

కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, ఆ సంబరం. ఆదోని ప్రాంతం కన్నడ సీమకు ఆనుకునే ఉంది కాబట్టి మాట అక్కడ రెండు భాషల్లోనూ నడుస్తుంది. తమ పొలంలో పంట ఇంటికొచ్చే పండగ పేరు, ఇప్పుడు పరాయి పొలంలో పంట కోయడానికి వెళ్లే ప్రయాణానికి పేరైంది. ఒక మాట అర్థం ఇలా జరిగిపోయిందంటే దాని వెనక వానల సంగతి, భూమి సంగతి, అప్పుల సంగతి ఉంటాయి. దీన్ని ‘సాహిత్య భాగం’ అని విడిగా మూలన పెట్టకండి. పంతులు గారు చెప్పిన జనాభా లెక్కల పక్కనే పెట్టండి. లెక్కలవాళ్ల దగ్గర వీళ్లకు పేరు లేదు. వీళ్లు తమకు తామే పెట్టుకున్న పేరు ఇది. రెండూ ఒకే పేజీలో ఉంటే ఆర్థికశాస్త్రం వాళ్లకు కూడా ఈ మాట ఎందుకు కావాలో తెలుస్తుంది.

ముక్కలు చేయడం గురించి మీ మనసు చెప్పిందే సరైనది. ఒకే క్షేత్రపరిశోధనను సన్నగా కోసి నాలుగు చోట్ల పంచితే ఏ ముక్కలోనూ ప్రాణం ఉండదు.

పాటలు ఎవరు పాడారో, వాళ్ల అనుమతి తీసుకున్నారో లేదో కూడా చూసుకోండి. ఊరి పాట కదా అని పాడినావిడ పేరు వదిలేసే అలవాటు మన వాళ్లలో చాలా ఉంది.

ఆదోని_బండి
జులై 8, రాత్రి 10:45

నేను విజయవాడలో ఆటోనగర్‌లో పని చేస్తాను. ఇక్కడికి పాత లారీల గురించి చదవడానికి వస్తుంటాను. సుగ్గి అని కనపడితే తెరిచాను.

మా అమ్మ పదకొండు సార్లు సుగ్గికి పోయివచ్చింది. నేను ఏడో తరగతి వరకు నాలుగు సార్లు పోయినాను. మీ గుంటూరు చేలల్లోనే. మిరప ఘాటుకు మొదటి వారం చేతులు మండుతాయి, రాత్రిపూట తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటాం. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఇంక చెప్పొద్దు. ఆ పాప రాసిన లెక్క మా అక్క కూడా రాసేది, బొగ్గుతో సిమెంటు తొట్టి మీద. వాన పడితే పోయేది.

మేడమ్, మీరు మంచి మనసుతో రాస్తున్నారు. రెండు మాటలు చెప్పాలనిపించింది. మమ్మల్ని ఏడ్చేవాళ్లుగా మాత్రమే రాయొద్దు. మా ఇంటికి రేకుల కప్పు సుగ్గి డబ్బుతోనే పడింది. అక్క పెళ్లి దాంతోనే అయింది. పోయేటప్పుడు బండ్ల మీద నవ్వుకుంటా పోతాం, చుట్టాలంతా ఒకచోట ఉంటాం కాబట్టి. అది కూడా నిజమే. రెండోది, ఆ ఊరి పేరు, మేస్త్రీ పేరు రాయొద్దు. మేస్త్రీ మా ఊరోడే అయ్యుంటాడు, అడ్వాన్సు ఇచ్చేది వాడే. పేరు బయటికొస్తే ఆ పాప వాళ్ల అమ్మకు వచ్చే ఏడు పని ఇవ్వడు. మీ పేపరు అచ్చు అయిపోతుంది, ఆమె మళ్లీ వాడి ముందే నిలబడాల.

ఇంకోటి అడుగుతాను. ఇదంతా అచ్చయితే మేం చదవగలమా?

అరలమధ్య
జులై 9, ఉదయం 6:30

బండి గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను.

మీ ఆఖరి ప్రశ్నకు నిజమైన జవాబు: ఇప్పుడున్న పద్ధతిలో చదవలేరు. పెద్ద పత్రికలో పడితే అది ఇంగ్లీషులో ఉంటుంది, చందా కట్టనివాళ్లకు తాళం వేసి ఉంటుంది. ప్రభుత్వం 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని పత్రికల చందా పథకం నడుపుతోంది, మూడేళ్లకు రూ. 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు. మంచి పనే, మా పక్కనున్న ప్రభుత్వ కాలేజీ పిల్లలకు కొత్తగా ఎన్నో అందుతున్నాయి. కానీ అది విద్యాసంస్థల లాగిన్‌తోనే తెరుచుకుంటుంది. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలు కూడా లేవు. ఆటోనగర్‌లో మీ ఫోన్‌లో తెరుచుకోదు.

కాబట్టి చిగురూ, ఇది నీ చేతిలో ఉన్న పని. పత్రికకు పంపేముందే వాళ్ల విధానం చదువు. సమీక్ష పూర్తయిన నీ సొంత ప్రతిని బహిరంగంగా పెట్టుకోనిచ్చే పత్రికలు చాలా ఉన్నాయి. తెలుగు అనువాదం వేరేచోట వేసుకోవడానికి ముందే రాతపూర్వకంగా అనుమతి అడుగు. మొదట ఎక్కడ వచ్చిందో చెప్పి వేస్తే అది దొంగతనం కాదు. చెప్పకుండా రెండు చోట్ల వేస్తేనే తప్పు.

పాతఫారం
జులై 9, ఉదయం 10:20

నేను గవర్నర్‌పేటలో ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. సీసం అక్షరాల కాలం నుంచి ఉన్నాను. కంపోజిటర్ గేలీ తీసి ఇస్తే, తడి సిరా వేలికి అంటుకుంటూ దిద్దేవాళ్లం. పదహారు పేజీల ఫారం అచ్చయ్యాక తప్పు కనపడితే గుండె జారిపోయేది.

అబ్బాయి అడిగిన ప్రశ్న ఈ ఊళ్లో కొత్తది కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్లు ఊరూరా గ్రంథాలయం కావాలని తిరిగింది ఈ ప్రశ్న కోసమే: రాసింది ఎవరి గురించో వాళ్లకు అందాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో పెట్టిన భారతి మాసపత్రిక పాత సంచికలు తీసి చూడండి. శాసనాల మీద వ్యాసం, దాని పక్కన కథ, ఆ పక్కన సంఘం గురించిన చర్చ. ఏ శాస్త్రానికి ఏ గది అని వాళ్లు గోడలు కట్టుకోలేదు. 1991లో అది ఆగిపోయాక ఆ చోటు ఖాళీగానే ఉందని నా బాధ.

అమ్మాయికి నా వైపు నుంచి ఒక్క పని మాట. తెలుగు ప్రతి తయారు చేసేటప్పుడు డీటీపీ షాపుకిచ్చి పాత ఫాంట్‌లో కొట్టించవద్దు. ఆ ఫాంట్లలో కంటికి కనపడేది తెలుగు, లోపల దాచేది వేరే గుర్తులు. కాగితం మీద ‘సుగ్గి’ అని చక్కగా పడుతుంది. అదే పీడీఎఫ్‌లో ‘సుగ్గి’ అని వెతికితే దొరకదు. కాపీ చేసి ఇంకోచోట పెడితే పిచ్చి గీతలు వస్తాయి. మార్పిడి చేస్తే వత్తులు ఎగిరిపోతాయి. మన తెలుగు పరిశోధన పత్రికలు ఎన్నో ఏళ్లు ఇలాగే వచ్చాయి. అందులో ఎంత విలువైన పని ఉందో, ఎవరు వెతికినా కనపడదు. అచ్చయ్యి కూడా చీకట్లో ఉంది. మొదటి అక్షరం నుంచి యూనికోడ్‌లో కొట్టు. ప్రూఫులు నేను దిద్దుతాను, డబ్బు మాట ఎత్తొద్దు.

సంపాదకుల_బల్ల
జులై 9, సాయంత్రం 6:45

ఒక చిన్న సామాజిక శాస్త్ర పత్రికలో సహాయ సంపాదకురాలిగా పని చేశాను. బల్లకు ఇటువైపు ఎలా ఉంటుందో చెప్తాను, చిగురు గారికి పనికొస్తుంది.

రెండు మూడు శాస్త్రాలు కలిసిన వ్యాసం వచ్చిందంటే మాకు భయం వ్యాసం మీద కాదు, చదివేవాళ్లు దొరకరని. ఆర్థికశాస్త్రం వారికి పంపితే పాటల భాగం తీసేయమంటారు, జానపదం వారికి పంపితే పట్టికలు తీసేయమంటారు. రెండు సమీక్షలూ పక్కపక్కన పెట్టుకుని సంపాదకులు కూర్చోవాలి. తీరిక లేనప్పుడు ‘మా పరిధి కాదు’ అని పంపేయడం సులువు. ఆ పని నేనూ చేశాను, ఇప్పుడు తలచుకుంటే కష్టంగా ఉంటుంది.

మీరు చేయగలిగింది కవరింగ్ లెటర్‌లో ఉంది. ‘నా వ్యాసం బహుళశాస్త్రాల వ్యాసం’ అని రాయకండి, దాని వల్ల మాకేమీ తెలియదు. ఒకే ఒక్క ప్రశ్న రాయండి. ఉదాహరణకు, రెండు ఊళ్లలో ఉంటూ ఏ లెక్కలోనూ పడని ఇల్లు తన లెక్క తాను ఎలా రాసుకుంటుంది? ఆ ప్రశ్నకు నోటుబుక్కు కావాలి, మాట కావాలి, బడి హాజరు కావాలి. అప్పుడు మూడు భాగాలూ అతుకుల్లా కనపడవు. సమీక్షకులుగా ఎవరు తగినవారో ఇద్దరి ముగ్గురి పేర్లు వేర్వేరు శాస్త్రాల నుంచి సూచించండి. మీ గైడ్, మీ స్నేహితులు కాకుండా. 

పేరు లేకుండా పంపమంటే మొదటి పేజీలో పేరు తీసేస్తే సరిపోదు. ఫైలు ప్రాపర్టీస్‌లో మీ పేరు ఉంటుంది, అక్కడా తీసేయండి.

నోటుబుక్కు పేజీ ఫొటో వేస్తున్నారా? చేతిరాత చూసి ఆ బడి టీచరు గుర్తుపట్టగలరు. అంకెలు మళ్లీ టైపు చేసి వేయండి. పాప పనిచేసిందా, లెక్క మాత్రమే రాసిందా అన్నది కూడా స్పష్టంగా చెప్పండి, 14 ఏళ్ల లోపు పిల్ల కాబట్టి సంపాదకులు తప్పకుండా అడుగుతారు.

బెంజిసర్కిల్_ప్రయాణి
జులై 9, రాత్రి 9:55

అందరివీ చదివాను. నేను మొదట చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. నా ఆ రెండు పేపర్లు చూద్దామని ఇప్పుడే వెతికాను. ఒక పత్రిక వెబ్‌సైటే లేదు. నేను కృష్ణలంకలో కరకట్ట వెంబడి ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడి రాసినది అందులో ఉంది. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది, వ్యాసం లేదు. పాత కంప్యూటర్‌తో పాటు పోయింది. ఆ ఇరవై మందీ నాతో గంటలు గంటలు మాట్లాడారు.

చిగురు_గుంటూరు
జులై 10, రాత్రి 12:30

బెంజిసర్కిల్ మాస్టారూ, మీ దగ్గర నోట్సు ఏమైనా మిగిలి ఉంటే పారేయకండి. నేను వచ్చి టైపు చేసి పెడతాను.

బండి గారూ, మీరు చెప్పిన రెండూ చేస్తాను. ఊరి పేరు, మేస్త్రీ పేరు రెండూ తీసేశాను. ‘పోయేటప్పుడు నవ్వుకుంటా పోతాం’ అన్న మాట నా వ్యాసంలో ఎక్కడా లేదు. రెండు సీజన్లు కూర్చుని కూడా నాకు అది కనపడలేదంటే, నేను వెళ్లిందే వాళ్లు వచ్చేశాక. బయల్దేరే రోజు నేను చూడలేదు. ఈసారి కోసిగి వెళ్లి వాళ్లతో పాటు వస్తాను.

మా నాన్నను అడిగాను. పంతులు గారు చెప్పింది నిజమేనన్నాడు. ‘మలి కోతల కాయ గోతానికి బరువు తూగదు, ఆ సంగతి కూలోళ్లకూ తెలుసు’ అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, ‘అయినా కాటా దగ్గర తీసేవాళ్లు తీస్తారులే’ అన్నాడు. రెండు మాటలూ రాసుకున్నాను.

చిగురు_గుంటూరు
ఆగస్టు 24, సాయంత్రం 5:15

ఆలస్యానికి క్షమించండి. వ్యాసం మొత్తం తిరగరాశాను. జనాభా లెక్కల తేదీలతో మొదలవుతుంది, వెంటనే ‘సుగ్గి’ మాట, ఆ తర్వాత నోటుబుక్కు. లైబ్రరీ అమ్మగారి పక్కన మూడు సాయంత్రాలు కూర్చుని, రాసినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోని పత్రికలు నాలుగు ఎంచుకున్నాం. పాత సంచికలు చదివి ఒకటి తేల్చుకున్నాను. తెలుగు ప్రతికి ముందే మెయిల్ పెట్టి అడిగితే సరేనని జవాబిచ్చారు. గురువారం పంపాను. మా గైడ్ గారు చదివి, ముక్కలు చేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక విషయం మీకు చెప్పాలి. పంపేముందు పాప వాళ్ల అమ్మకు ఫోన్ చేసి, ఏ అంకెలు వేస్తున్నానో ఒక్కొక్కటీ చదివి వినిపించాను. ఫిబ్రవరిలో మూడు రోజులు ఖాళీగా ఉన్నాయి. వివరాలు లేవని గీత పెట్టి వదిలేశాను నేను. పాప ఫోన్ లాక్కుని, ‘అక్కా, అవి ఖాళీ కాదు. అమ్మకు జ్వరం. సున్నా రాస్తే బాగోదని రాయలేదు’ అంది. పట్టికలో ఆ మూడు గళ్లు మార్చాను.

పాప ఆరో తరగతిలో చేరింది.

లెక్కలపంతులు
ఆగస్టు 24, రాత్రి 8:00

ఆ మూడు రోజులకు సున్నా వేశావా, గీతే ఉంచావా?

చిగురు_గుంటూరు
ఆగస్టు 24, రాత్రి 8:12

ఏదీ కాదండీ. ‘జ్వరం’ అని రాశాను.

ఆదోని_బండి
ఆగస్టు 24, రాత్రి 10:30

దసరాకు ఊరికి పోతున్నాను మేడమ్. తెలుగు కాపీ అయితే ఒకటి ప్రింటు తీసి ఉంచండి, నేను గుంటూరు వచ్చి తీసుకుంటాను. అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టండి. మా నాన్న కూడబలుక్కుని చదువుతాడు, చత్వారం వచ్చింది.